మూడు రోజుల కొల్లేరుకి ఆరువందల నలభై రూపాయలు

మా చెల్లెలి మనవరాలు ఈ మధ్య టూరిజం కోర్సులో చేరింది. మొన్న నలుగురు స్నేహితురాళ్ళని వెంటేసుకుని వచ్చి, నోటు పుస్తకం తెరిచి కూర్చుని, "అమ్మమ్మగారూ, ఫారిన్ నించి వచ్చిన టూరిస్టు ఒక ట్రిప్పులో ఎంత ఖర్చు పెడతాడండీ? మీ అనుభవంలో చెప్పండి, మేం రాసుకుంటాం" అంది.

"ఎంత అని కాదర్రా, ఎవరికి చేరింది అని అడగండి" అన్నాను. పిల్లలు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. మళ్ళీ అదే అడిగారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "అది చెప్పడానికి నేనక్కర్లేదు, మీ పుస్తకాల్లో ఉంటుంది, వెళ్ళి చూసుకోండి" అని కసిరి పంపించేశాను. వాళ్ళు గేటు దాటాక నామీద నాకే కోపం వచ్చింది. పిల్లలు అడిగింది తప్పేమీ కాదు. ఆ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చేది వాళ్ళకి తెలియదు, అంతే.

అందుకని రాస్తున్నాను. నలభై ఏళ్ళు ఈ పనిలో ఉన్నాను. నా ప్రమోషన్లూ, నాకు కప్పిన శాలువాలూ ఎవరికీ అక్కర్లేదు. పంతొమ్మిది వందల యాభైల్లో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, కొల్లేటికి తీసుకెళ్ళిన ఒక్క ట్రిప్పు గురించి చెబితే చాలు. మిగతా ముప్ఫై తొమ్మిదేళ్ళూ దాని తాలూకు దిద్దుబాటే అనుకోండి.

ఉద్యోగం

మా నాన్నగారు కామవరపుకోట దగ్గర పల్లెలో మిషన్ బడి మాస్టారు. జీతం నెలనెలా వస్తే పండగే. నా తరవాత నలుగురు పిల్లలు. స్కూలు ఫైనలు అయ్యాక నన్ను ఏలూరులో మా మేనత్త ఇంటికి పంపించారు, ఏదైనా పని దొరుకుతుందేమోనని. మిషన్ బంగళాలో దొరసానుల దగ్గర పెరగడంవల్ల ఇంగ్లీషు గడగడా మాట్లాడేదాన్ని. నా దగ్గరున్న ఆస్తల్లా అదే.

పవర్‌పేట స్టేషను దగ్గర ఒక గదిలో పానకాలరావుగారి ఆఫీసు ఉండేది. మద్రాసులో ఉన్న ఒక పెద్ద యాత్రల కంపెనీకి ఈయన ఇక్కడ ఏజెంటు. సీమ నించి, అంటే ఇంగ్లండు నించి వచ్చిన దొరలకి రైలు దిగిన దగ్గర్నించి మళ్ళీ రైలెక్కేదాకా అన్నీ చూసుకోవాలి. దొరలతో ఆయనే నెట్టుకొచ్చేవారు. దొరసానులతోనే చిక్కు. "స్నానానికి ఎక్కడికెళ్ళాలి అని ఆవిడ అడిగితే నేనేం చెప్పేది అమ్మాయ్? నువ్వుంటే నాకు పరువు దక్కుతుంది" అన్నారు. నెలకి నలభై రూపాయలు. ఆ నలభైలో ముప్ఫై మనియార్డరు చేసేదాన్ని. మా తమ్ముళ్ళ ఫీజులు, అమ్మ మందులు అన్నీ దాని మీదే నడిచేవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత నా పిరికితనానికి నేను చెప్పుకున్న సాకు ఇదే.

నా పేరు సుగుణ. కొల్లేటి లంకల్లో మాత్రం నన్ను అందరూ పంతులమ్మగారు అనేవాళ్ళు. ఇంగ్లీషొచ్చిన ఆడది పంతులమ్మ కాక మరేమవుతుంది అని వాళ్ళ లెక్క. మొదట్లో కాదు కాదు అని చెప్పేదాన్ని. తరవాత మానేశాను.

పానకాలరావుగారు

ఆయన్ని తిట్టేసి ఊరుకుంటే నాకు తేలిక. కానీ పని నేర్పింది ఆయనే. అతిథి ప్లాట్‌ఫారం మీద ఒక్క నిమిషం కూడా ఎదురు చూడకూడదనేవారు. నీళ్ళు కాచాయా అని అడగడం కాదు, గిన్నె ముట్టుకుని చూడమనేవారు. పడవ ఎక్కించే ముందు తను ఎక్కి, కాళ్ళు బారజాపుకుని పావుగంట కూర్చునేవారు, అడుగున చెమ్మ తగులుతుందేమోనని. నలభై ఏళ్ళూ నేను ఇవన్నీ చేశాను. మీరూ చెయ్యండి.

ఆయనది ఇంకో సూత్రం ఉంది. "అతిథి చెయ్యి జేబులోకి పోకూడదు అమ్మాయ్." అంటే ఖర్చంతా ముందే మద్రాసులో కట్టించుకోవాలి. ఇక్కడ అతిథి ఎవరికీ పైసా ఇవ్వకూడదు. చిల్లర కోసం పీక్కుతినే వాళ్ళుండరు, అతిథి మనసు హాయిగా ఉంటుంది. వినడానికి ఎంత బాగుందో చూడండి! నేనూ అలాగే మురిసిపోయాను. పని చేసినవాళ్ళ చేత వోచరు మీద సంతకమో, వేలిముద్రో వేయించుకు రావడం నా వంతు. వోచర్లు ఖాళీగా ఇచ్చేవారు. "లెక్క నేను ఇంటి దగ్గర తీరిగ్గా రాసుకుంటాను, నువ్వు ముద్రలు వేయించుకురా చాలు" అనేవారు. ఖాళీ కాగితం మీద ముద్ర ఎందుకండీ అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. చదువుకున్నదాన్నే. అడగలేదు.

గూడెం మైదానం దొర

ఆ చలికాలంలో ఒక దొర, దొరసాని వచ్చారు. దొర యుద్ధం రోజుల్లో తాడేపల్లిగూడెం విమానాల మైదానంలో మెకానిక్కుగా పనిచేశాడట. విమానంలోంచి కొల్లేరు చూశాడట. పెళ్ళయినప్పట్నించీ ఆవిడకి చెబుతూనే ఉన్నాడట, అంత నీరు, అన్ని పిట్టలు నువ్వెక్కడా చూసి ఉండవు, ఒక్కసారి చూపిస్తాను అని. దొరసాని పేరు ఎడిత్. సన్నగా, పొడుగ్గా, కాస్త నవ్వుముఖం. ఆవిడ వాళ్ళ ఊళ్ళో బట్టల కొట్లో పనిచేస్తుందని తెలిసినప్పుడు నేను నమ్మలేదు. కొట్లో గుడ్డ కొలిచే మనిషికి ఓడెక్కి ఇంత దూరం వచ్చే డబ్బెక్కడిది అనుకున్నాను.

గూడెంలో దిగాం. మైదానంలో గడ్డి మొలిచిపోయి, గేదెలు మేస్తున్నాయి. దొర అక్కడ నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. అక్కణ్ణించి టాక్సీలో భీమవరం మీదుగా ఆకివీడు, ఆకివీడు నించి దోనెలో రెండు గంటలు. ఆ లంక పేరు రాయను. ఆ ఇంటివాళ్ళ మనవలు ఇంకా అక్కడే ఉన్నారు.

దోనె ఏడుకొండలుది. నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. దోనె అడుగున ఒకచోట తారు పూసిన అతుకు. అది చూపించి దొర ఏదో అడిగితే నేను తెలుగులో చెప్పాను. "దీని ఆయుష్షు తీరిపోయిందండీ. వచ్చే ఏడు కొత్తది వేయించాలండీ. చూడాలి" అన్నాడు ఏడుకొండలు. దొరసాని ఆ మాట పట్టించుకుంటుందని నాకు తెలియదు.

అతని భార్య నాంచారమ్మ మూడు రోజులూ మాకు వండి పెట్టింది. కొర్రమీను పులుసు, జెల్లల వేపుడు, దంపుడు బియ్యం అన్నం. దొరసాని చేత్తో తినడం నేర్చుకుంది. నాంచారమ్మ పక్కన గొంతుక్కూర్చుని, కంచం ఖాళీ అయ్యేలోపే గరిటెతో సిద్ధంగా ఉండేది. వద్దంటే ఊరుకోదు. "మారు వడ్డించకుండా లేపితే నా ఇంటికి మంచిది కాదండీ. ఒక్క ముద్ద. పెద్దింట్లమ్మ తల్లి తోడు, ఒక్క ముద్దండీ" అనేది. ఆ ఒక్క ముద్ద కంచంలో సగం ఉండేది.

ఇంకో మాట కూడా రాయాలి. మేమెవరో తెలిసిన ఏలూరు పెద్దిళ్ళలో నాకు మంచినీళ్ళు దోసిట్లో పోసేవాళ్ళు. పానకాలరావుగారింట్లోనూ అంతే. నాంచారమ్మ నన్ను దొరసాని పక్కన కూర్చోబెట్టి, తన ఇంటి కంచంలో పెట్టింది. ఎవరమని అడగలేదు.

వెళ్ళే రోజు దొరసాని ఉండబట్టలేక పది రూపాయల కాగితం తీసి చేతిలో పెట్టబోయింది. నాంచారమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇదేంటండీ పంతులమ్మగారూ? అన్నానికి డబ్బులేంటండీ? అన్నం అమ్ముకుంటామాండీ మేము? తీసెయ్యమనండి, ఎవరన్నా చూస్తే నా పరువు పోతుంది."

"వాళ్ళ దేశంలో అలవాటండీ, తప్పుగా అనుకోకండి" అన్నాను.

పడవకి మాత్రం ఊరి కట్టుబాటు ప్రకారం రోజుకి రెండు రూపాయలు, ఆఫీసు ఇచ్చిన డబ్బులోంచి. ఆ ఆరు రూపాయలూ ఏడుకొండలు చేతికి కాదు, ఊరిపెద్ద సూరయ్యగారి చేతికిచ్చాను. లంకలో బయటి మనిషి వల్ల వచ్చింది ఏదైనా ఊరి ఉమ్మడిలోకే పోవాలి. ఏడాదికోసారి అందరూ పంచుకుంటారు. ఒక్కడు దాచుకుంటే వెలే.

తరవాత నా సంచీలోంచి మూడు వోచర్లు తీశాను. పడవకొకటి, భోజనాలకొకటి, బసకొకటి. మూడూ తెల్లకాగితాలే. ఏడుకొండలు బొటనవేలు పట్టుకుని నేనే సిరాలో అద్ది, నేనే ఒత్తాను.

"ఇదెందుకండీ?" అన్నాడు.

"మేం మీ ఇంటికొచ్చామని గుర్తు, అంతేనండీ" అన్నాను. నేను నమ్మే అన్నాను.

గూడెం స్టేషనులో

మద్రాసు మెయిలుకి ఇంకా గంటన్నర ఉంది. వెయిటింగు రూములో దొర కునుకు తీస్తున్నాడు. దొరసాని ఒక చిన్న నీలం అట్ట పుస్తకం తీసి రాసుకుంటోంది. ఏం రాస్తున్నారని అడిగాను.

"ఖర్చులు. ఆరేళ్ళు కూడబెట్టాం ఈ ప్రయాణానికి. ప్రతి పైసా రాస్తాను. ఇంటికెళ్ళాక చలికాలం రాత్రుళ్ళు ఇది చదువుకోవడమే మాకు వినోదం" అని నవ్వి, పేజీ తిప్పి నాకు చూపించింది. నలగకుండా దాచిన మద్రాసు రసీదు పక్కనే, ముత్యాల్లాంటి అక్షరాలతో రూపాయల్లో రాసి ఉంది.

టాక్సీ నూట యాభై. పడవ నూట ఇరవై. భోజనాలు తొంభై. బస అరవై. దుబాసీ యాభై. ఏర్పాట్ల రుసుము నూట డెబ్భై. మొత్తం కొల్లేరు మూడు రోజులకి ఆరువందల నలభై.

ఓరి నాయనో! మళ్ళీ చదివాను. అక్షరాలు మారలేదు. దుబాసీ అంటే నేనే కదా, మూడు రోజులకి నా ఖరీదు యాభై! నాకు నెలకిచ్చేది నలభై! దాని గురించి ఏడవాలో నవ్వాలో తేల్చుకోకముందే పైన ఉన్న మూడు పద్దుల మీద నా చూపు పడింది. పడవ, భోజనాలు, బస. మూడూ కలిపి రెండువందల డెబ్భై. ఏడుకొండలు వేలిముద్రలు నా సంచీలోనే ఉన్నాయి, ఇంకా సరిగ్గా ఆరలేదు కూడా.

"మొదట్లో ఎక్కువనిపించింది. కానీ ఆ దోనె చూశాక మావారూ నేనూ మాట్లాడుకున్నాం, ఈ డబ్బుతో అతను కొత్త పడవ కొనుక్కుంటాడు కదా అని. ఇప్పుడు బాధ లేదు. సరిపోతుంది కదా?" అంది దొరసాని.

అప్పుడు నేను నోరు తెరిచి నిజం చెప్పాలి. ఒక్క మాట చాలు. మనియార్డరు గుర్తొచ్చింది. పానకాలరావుగారి ముఖం గుర్తొచ్చింది. "సరిపోతుందండీ. చాలా సంతోషిస్తాడు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఏలూరు వచ్చాక వోచర్లు ఆయన బల్లమీద పెట్టి, ఆ డబ్బు సంగతి అడిగాను. పానకాలరావుగారు కోప్పడలేదు. పైగా నవ్వారు.

"వాళ్ళకివ్వబోతే వద్దన్నారా లేదా?"

"అన్నారండీ."

"వాళ్ళు వద్దన్నారు. దొర ఇచ్చేశాడు. మరి ఆ డబ్బు ఎవరిదో ఒకరిది కావాలి కదా అమ్మాయ్? కాలవలో పారెయ్యమంటావా?"

నాకు జవాబు తోచలేదు. జవాబు తోచకపోవడాన్నే న్యాయం అనుకుని ఊరుకున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి చెబుతున్నాను, ఎదుటివాడి మాటకి జవాబు తట్టనంత మాత్రాన వాడిది న్యాయం అయిపోదు.

ఉత్తరం

మూడు నెలలకి దొరసాని లంకకి ఉత్తరం రాసింది. ఇది నాకు తరవాత తెలిసిన సంగతి. అందులో ఒక ఫొటో కూడా పెట్టింది, దోనె మీద గెడకర్ర పట్టుకుని నిలబడ్డ ఏడుకొండలు. లంకకి సీమ నించి ఉత్తరం రావడమంటే మాటలా! ఆకివీడు నించి ఇంగ్లీషొచ్చిన పోస్టు గుమాస్తాని దోనెలో తీసుకొచ్చారు. ఊరంతా పోగైంది. ఫొటో చేతులు మారింది. ఏడుకొండలు సిగ్గుపడుతూ ఒక పక్కన నిలబడ్డాడు.

గుమాస్తా ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. మీ ఆతిథ్యం మరిచిపోలేం. మీ భార్య చేతి వంట మరిచిపోలేం. పడవకి మేమిచ్చిన నూట ఇరవై రూపాయలూ, భోజనాల తొంభై, బస అరవైతో కొత్త పడవ కొన్నారా? దాని ఫొటో పంపగలరా?

అందరూ ఏడుకొండలు వైపు తిరిగారట. ఆరు రూపాయలే ఉమ్మడికి వచ్చాయని అందరికీ తెలుసు. ఏడుకొండలు పెద్దింట్లమ్మ మీద ఒట్టేశాడు. సూరయ్యగారు తొందరపడే మనిషి కాదు. ఇద్దరిని వెంటబెట్టుకుని ఏలూరు వచ్చారు. ఆవేళ నేను గూడెంలో ఎవరినో రైలెక్కించడానికి వెళ్ళాను. పానకాలరావుగారు బీరువా తెరిచి, అంకెలు నింపిన మూడు వోచర్లూ తీసి బల్లమీద పరిచారట. "చదువు రాకపోతే పోయె, వేలిముద్ర గుర్తుపడతారు కదా?"

దాంతో అయిపోయింది. రెండువందల డెబ్భై కట్టేదాకా వెలి. దోనె ఒడ్డుకి లాగి బోర్లా పెట్టారు. వల నీళ్ళలో దించకూడదు. నిప్పు ఇవ్వరు, నీళ్ళు ముట్టుకోనివ్వరు. చేపలు పట్టి బతికే మనిషిని నీళ్ళ పక్కనే కూర్చోబెట్టి పస్తు పెట్టడం అది. నాంచారమ్మకి ఇంకో పేరు కూడా వచ్చింది, అన్నం అమ్ముకున్నది అని. దొరలకి కొసరి కొసరి వడ్డించింది ఇందుకా అని ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారట.

కాగితం సంగతి కాదు

ఇవేమీ నాకు తెలియదు. ఒకరోజు పొద్దున్న ఆఫీసు గుమ్మంలో నాంచారమ్మ నిలబడి ఉంది. కాళ్ళకి మోకాళ్ళదాకా బురద. మనిషి సగమైపోయింది. నేను కుర్చీలోంచి లేచి, "నాంచారమ్మగారూ, ఇదేమిటండీ ఇలా వచ్చారు?" అన్నాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పింది. పానకాలరావుగారు బల్ల దగ్గర పేపరు చదువుతున్నారు. పేపరు దించలేదు.

"పంతులమ్మగారూ, నేను మీ దగ్గర తొంభై రూపాయలు తీసుకున్నానాండీ?"

పేపరు వెనక నించి చిన్న దగ్గు వినిపించింది.

"కాగితంలో... అలా ఉందండీ" అన్నాను.

"కాగితం సంగతి కాదండీ. మిమ్మల్ని అడుగుతున్నాను."

నేను నేల చూపులు చూశాను. ఛీ, ఇప్పుడు రాస్తుంటే కూడా నామీద నాకు అసహ్యం వేస్తోంది. ఆవిడ తిట్టలేదు, శపించలేదు. కొంగులోంచి ఆకులో చుట్టిన ఎండుచేపల పొట్లం తీసి గడప లోపల పెట్టింది. "వట్టి చేతుల్తో రాకూడదని తెచ్చానండీ. మీకిష్టం అన్నారుగా" అని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

పానకాలరావుగారు పేపరు మడిచారు. "బాగా నిభాయించావు అమ్మాయ్. వచ్చే నెల నించి నీకు నలభై అయిదు" అన్నారు.

అదీ నా మొదటి ఇంక్రిమెంటు. చెప్పుచ్చుకు కొడితే కూడా అంత మంట పుట్టేది కాదు. పొట్లం ఇంటికి తీసుకెళ్ళాను. మా మేనత్త వేయించింది. ఇంట్లో ఒక్క ముక్క మిగల్చకుండా అందరూ తిన్నారు, నాకు తప్ప అందరికీ సహించింది.

కుండ మసి

రెండు రోజులు ఆగాను. ఎందుకు ఆగానని అడిగితే, భయం. ఆదివారం నాడు చర్చికి వెళ్ళడం మానేసి బస్సెక్కాను. ఆకివీడులో దోనెవాడు ఆ లంకకి అనగానే, ఎవరింటికండీ అని అడిగాడు. ఏడుకొండలు పేరు చెబితే ఎక్కించుకోడేమోనని సూరయ్యగారింటికి అన్నాను.

మధ్యాహ్నం సూరయ్యగారి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. నేను నిలబడి మొదట్నించీ చెప్పాను. ముద్ర వేయించినప్పుడు కాగితం ఖాళీగా ఉందనీ, వాళ్ళు ఒక్క పైసా తీసుకోలేదనీ, ఇచ్చినా పుచ్చుకోలేదనీ, గూడెం స్టేషనులోనే నాకు తెలిసి కూడా నోరు మూసుకున్నాననీ చెప్పాను. ఏడుపొచ్చింది. ఎవరూ ఓదార్చలేదు.

సూరయ్యగారు నెమ్మదిగా అన్నారు. "అమ్మా, ఆరోజు మీరు ఏడుకొండలుతో గుర్తు అన్నారు. మొన్న నాంచారమ్మ వస్తే కాగితంలో ఉంది అన్నారంట. ఇయ్యాళ దొంగ కాగితం అంటున్నారు. ఇందులో ఏది పట్టుకోమంటారండీ మమ్మల్ని?"

ఆయన అడిగిన దాంట్లో తప్పులేదు.

"మీ పట్నం వాళ్ళకి కాగితమే సాక్ష్యం కదండీ. ఏడుకొండలు ఒట్టు చెల్లలేదు, మీ వోచర్లు చెల్లాయి. అందుకని మీరూ కాగితమే రాయండి" అన్నారు.

రాశాను. రెండు ప్రతులు, యజమాని పేరుతో సహా. కింద సంతకం చేసి ఇచ్చాను. సూరయ్యగారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి నాకే తిరిగిచ్చారు.

"ఈ గీతలు మాకు తెలవ్వండీ. వేలిముద్ర వెయ్యండి."

మా నాన్నగారు ఊరూరా తిరిగి, ఇక మన వాళ్ళెవరూ వేలిముద్ర వెయ్యక్కర్లేదని పాఠాలు చెప్పిన మనిషి. నా చేత అక్షరాలు దిద్దించినప్పుడు ఆయన మొదట చెప్పిన మాట అది. సిరా లేదండీ అన్నాను. నా కలంలో ఉంది. అయినా అన్నాను.

ఆడవాళ్ళ వెనక నించి నాంచారమ్మ లేచి తన ఇంటికి వెళ్ళింది. అన్నం వండే కుండ పట్టుకొచ్చి నా ముందు బోర్లించింది. అడుగంతా పాత మసి. పొయ్యి ఎన్నాళ్ళనించి వెలగలేదో, కుండ చల్లగా ఉంది. నా బొటనవేలు ఆవిడే పట్టుకుని మసికి రుద్ది, కాగితం మీద ఒత్తింది. నేను ఏడుకొండలు వేలు పట్టుకుని ఒత్తానే, అచ్చం అలాగే. ఇదెందుకండీ అని నేను అడగలేదు.

సూరయ్యగారు లేచి ఏడుకొండలు గుమ్మంలోకి వెళ్ళి, మంచినీళ్ళు అడిగి తాగారు. మిగతా పెద్దలూ తాగారు. వెలి తీరినట్టు. నలుగురు మగవాళ్ళు దోనెని వెల్లకిలా తిప్పారు. ఎండకి అడుగున ఆ అతుకు విచ్చిపోయి ఉంది.

తరవాత

సోమవారం పానకాలరావుగారు నేను బల్లమీద పెట్టిన రెండో ప్రతి చదివి, "నిన్ను కూతుర్లా చూశాను కదా అమ్మాయ్" అన్నారు. నిజంగానే బాధపడ్డారు, అదే నాకు విచిత్రం. ఉద్యోగం పోయింది. మద్రాసు కంపెనీకి రాశాను, జవాబు లేదు. ఎడిత్ దొరసానికీ రాశాను. ఆవిడ నాలుగు పంక్తుల జవాబు రాసింది. నీలం పుస్తకంలో నూట ఇరవై కొట్టేసి ఆరు అని రాసుకున్నానని, భోజనాల దగ్గర సున్నా పెట్టుకున్నానని, ఇక ఆ పుస్తకం చదవబుద్ధి కావడం లేదని.

మా ఇంట్లో రెండేళ్ళు ఎలా గడిచాయో ఇక్కడ అనవసరం. తరవాత నేను గూడెంలో సొంతంగా చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. ఎవరికి ఎంతో అతిథి ఎదురుగానే చెప్పడం, వాళ్ళ చేతే ఇప్పించడం నా పద్ధతి. మొదటి ట్రిప్పుకి ఇద్దరు దొరసానుల్ని తీసుకుని అదే లంకకి వెళ్ళాను. లోపల భయంగానే ఉంది, సంతోషంగానూ ఉంది. ఈసారి నాంచారమ్మ చేతిలో దర్జాగా డబ్బు పెడతాను, వద్దంటే బతిమాలి ఒప్పిస్తాను అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

నాంచారమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "రండి పంతులమ్మగారూ" అని, నేను నోరు తెరిచేలోపే అంది. "భోజనం మనిషికి పూటకి రూపాయి పావలా అండీ. ముందే ఇచ్చెయ్యాలండీ. కాగితాలు మాత్రం వద్దండీ."

ఆవిడ అన్నది న్యాయం. ఊరంతా కలిసి చేసుకున్న కట్టుబాటట, డబ్బు ఉమ్మడికే పోతుందట. నేను చెయ్యబోయింది కూడా అదే కదా! మరి నా గుండె ఎందుకు జారిపోయిందో ఎవరికి చెప్పను? ముగ్గురికీ కలిపి మూడు రూపాయల ముప్పావలా లెక్కపెట్టి ఇచ్చాను. ఆవిడ మళ్ళీ లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది.

తరవాత వడ్డించింది. కొర్రమీను పులుసు, దంపుడు బియ్యం అన్నం, అదే కంచం, అదే చేతి రుచి. దొరసానులు లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తిన్నాను. కంచం ఖాళీ అయింది. చెయ్యి కడుక్కోకుండా కాసేపు అలాగే కూర్చున్నాను.

మారు కావాలా అని నాంచారమ్మ అడగలేదు.